అమెరికాలో ఇంటి ఇన్‌స్పెక్షన్: ఎవరి కోసం, ఎంతవరకు, ఎప్పుడు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబం జీవితంలో చేసే అతి పెద్ద ఖర్చు ఇల్లు. ఫ్రిస్కోలోనో, ఎడిసన్‌లోనో, కమింగ్‌లోనో, మోరిస్‌విల్‌లోనో ఇల్లు చూడబోతే మనవాళ్లు ముందు అడిగేవి మూడు: స్కూలు రేటింగ్ ఎంత, ఇంటి ముఖం ఎటు, వడ్డీ రేటు ఎంత. మూడూ అడగాల్సినవే. కానీ ఇల్లు అసలు ఏ స్థితిలో ఉందన్న నాలుగో ప్రశ్న మాత్రం చాలాసార్లు బేరం కుదిరాకే గుర్తొస్తుంది. అప్పుడైనా ఏజెంటు పంపిన మనిషికి ఆ పని అప్పజెప్పి, రిపోర్టు మెయిల్లో వస్తే పైపైన తిరగేసి క్లోజింగ్‌కు వెళ్లిపోయేవారే ఎక్కువ.

దీనికి కారణం లేకపోలేదు. మన ఊళ్లో ఆస్తి కొంటే భయమంతా కాగితాల గురించే. ఈసీ తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు చూస్తాం, లాయరు ఒపీనియన్ తీసుకుంటాం, లిటిగేషన్ ఉందేమోనని నలుగురినీ వాకబు చేస్తాం. ఇల్లు కట్టించుకునేవారు మేస్త్రీ వెంటే ఉండి ఇసుక, సిమెంటు పాళ్లు, క్యూరింగ్ కళ్లారా చూసుకుంటారు. అమెరికాలో పరిస్థితి తారుమారు. హక్కుల సంగతి టైటిల్ కంపెనీ చూసుకుంటుంది, తేడా వస్తే టైటిల్ ఇన్సూరెన్స్ ఉంటుంది. ఇక మిగిలిన రిస్కంతా చెక్క ఫ్రేముల్లో, డ్రైవాల్ వెనక, పైకప్పులో, పునాది కింది మట్టిలో ఉంటుంది. మనకు అలవాటైన అనుమానాన్ని ఇక్కడ కాగితాల మీంచి కట్టడం మీదికి మళ్లించుకోవాలి.

కొనుగోలులో ఎవరి లాభం ఎక్కడుందో కూడా చూడాలి. బేరం పూర్తయితేనే ఏజెంట్లకు కమిషన్ వస్తుంది. లోన్ ముగిస్తేనే లెండర్‌కు ఆదాయం. అప్రైజర్ వచ్చేది బ్యాంకు కోసం, ఇల్లు అప్పుకు తగిన విలువ చేస్తుందో లేదో చెప్పడానికి. మీ తరఫున పనిచేస్తూ, మీరు ఆ ఇల్లు కొన్నా మానినా ఒకే ఫీజు తీసుకునేది మీరు పెట్టుకున్న ఇన్‌స్పెక్టర్ ఒక్కరే. ఇన్‌స్పెక్షన్ విలువంతా ఈ స్వతంత్రతలోనే ఉందని, దాన్ని కాపాడుకోవడం కొనేవారి చేతిలోనే ఉందని ఈ వ్యాసం చెప్పదలచుకుంది.

చట్టం ఎక్కడి నుంచి ఎక్కడికొచ్చింది

ఒకప్పుడు అమెరికా న్యాయస్థానాల్లో కొనేవాడే చూసుకోవాలి, కొన్నాక అడగడానికి లేదన్నదే సూత్రం. 1968లో టెక్సాస్ సుప్రీంకోర్టు హంబర్ వర్సెస్ మోర్టన్ కేసులో కొత్త ఇళ్ల వరకు దీన్ని తోసిపుచ్చింది. కొత్త ఇల్లు కొన్న ఒక మహిళ మొదటిసారి ఫైర్‌ప్లేస్ వెలిగించగానే ఇల్లు అంటుకున్న కేసు అది. కట్టి అమ్మే బిల్డరు నోటితో చెప్పకపోయినా, పని సక్రమంగా చేశాననీ ఇల్లు నివాసయోగ్యమనీ హామీ ఇచ్చినట్టేనని కోర్టు తేల్చింది.

పాత ఇళ్ల సంగతి 1980ల్లో తేలింది. 1984లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు ముందుకు ఈస్టన్ వర్సెస్ స్ట్రాస్‌బర్గర్ కేసు వచ్చింది. సరిగ్గా దట్టించని పూడికమట్టి మీద కట్టిన ఇల్లు అది, కొన్నాక నేల జారి దెబ్బతింది. బ్రోకరు కూడా ఇంటిని శ్రద్ధగా కంటితో పరిశీలించి, తెలిసినవే కాక తెలుసుకోగలిగిన లోపాలు కూడా కొనేవారికి చెప్పాలని కోర్టు అంది. ఆ వెనకే చట్టసభ అమ్మేవారు ఇంటి స్థితిని లిఖితంగా చెప్పాలని నిబంధన తెచ్చింది, 1987 నుంచి అమలైంది. 1985లో ఫ్లోరిడా సుప్రీంకోర్టు జాన్సన్ వర్సెస్ డేవిస్ కేసులో, పైకప్పు కారుతుందని తెలిసీ దాచిన అమ్మకందారులను తప్పుపట్టింది. ఇంటి విలువను తగ్గించే లోపం తెలిసి ఉండి, కొనేవారు దాన్ని తేలిగ్గా కనిపెట్టలేని పక్షంలో చెప్పి తీరాలంది.

ఇన్‌స్పెక్టర్ల వృత్తి కూడా ఈ కాలంలోనే రూపు దిద్దుకుంది. అమెరికన్ సొసైటీ ఆఫ్ హోమ్ ఇన్‌స్పెక్టర్స్, అంటే ఆషీ, 1976లో ఏర్పడి ఏమేం చూడాలో, ఎలా రాయాలో ప్రమాణాలు పెట్టింది. 1980ల మధ్యలో టెక్సాస్ ఇన్‌స్పెక్టర్లను ప్రభుత్వ నియంత్రణలోకి తెచ్చింది. తర్వాత మరెన్నో రాష్ట్రాలు అదే దారి పట్టాయి.

అమ్మేవారు అన్నీ రాసిస్తున్నప్పుడు మళ్లీ ఇన్‌స్పెక్షన్ ఎందుకని అడిగేవారున్నారు. డిస్‌క్లోజర్ ఫారంలో ఉండేది అమ్మేవారికి తెలిసినంత మేరకే. ఎన్నడూ అట్టిక్ ఎక్కని ఇంటాయన అక్కడి తడి గురించి ఏం రాస్తాడు? పైగా రాష్ట్రానికో పద్ధతి. అలబామాలో పాత ఇళ్లకు ఇప్పటికీ కొనేవాడే చూసుకోవాలన్న సూత్రమే ప్రధానం. న్యూయార్క్‌లో ఆ ఫారం నింపకుండా కొనేవారికి 500 డాలర్లు తగ్గించి తప్పుకునే వీలు 2024 మార్చి దాకా ఉండేది, ఇప్పుడు తీసేశారు. చట్టం ఎంత మెరుగైనా, తెలియనిదాన్ని బయటపెట్టమని ఎవరినీ నిర్బంధించలేదు. ఆ ఖాళీని ఇన్‌స్పెక్షనే నింపాలి.

ఇన్‌స్పెక్షన్‌లో ఏం చూస్తారు

మంచి ఇన్‌స్పెక్టర్ రాగానే తలుపు తీసుకుని లోపలికి పోరు. ముందు ఇంటి చుట్టూ తిరుగుతారు. ఇళ్లను పాడుచేసేవాటిలో మొదటిది నీరు, అది ఎటు పోతుందో చూడటంతోనే పని మొదలవుతుంది. పునాది నుంచి మొదటి 10 అడుగుల్లో నేల కనీసం 6 అంగుళాలు దిగాలన్నది బిల్డింగ్ కోడ్‌లోని మాట. పూలమొక్కల కోసం గోడవైపు మట్టి ఎత్తు చేసిన ఇళ్లలో, డౌన్‌స్పౌట్ నీళ్లు పునాది మొదట్లోనే పడే ఇళ్లలో ఈ వాలు ఉండదు. ఇటుకల మధ్య మెట్లు మెట్లుగా పాకిన పగులు, లోపల తలుపు మూల నుంచి ఏటవాలుగా లేచిన గీత, సరిగ్గా పడని తలుపు ఒకే వరసలో కనిపిస్తే, పునాది కదిలిందన్న అనుమానం రాసుకుంటారు.

తర్వాత డెక్. దాన్ని ఇంటి గోడకు పట్టి ఉంచే పలకకు బోల్టులో, లావుపాటి లాగ్ స్క్రూలో ఉండాలి. ఉత్త మేకులు కొట్టి వదిలేసిన డెక్‌లు బరువు పడితే గోడ నుంచి ఊడివచ్చే ప్రమాదం ఉంది. వ్రతానికో పిల్లల పుట్టినరోజుకో పాతికమంది ఒక్కసారిగా డెక్ మీద చేరే ఇళ్లు మనవి. రిపోర్టులో ఈ ఒక్క వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

పైకప్పులో షింగిల్స్ వయసు, చిమ్నీ దగ్గర, గోడ కలిసే చోట వేసిన ఫ్లాషింగ్ రేకులు చూస్తారు. అట్టిక్‌లో ఇన్సులేషన్ మందం, కోసేసిన ట్రస్సులు, బయటికి పోవాల్సిన బాత్‌రూమ్ ఫ్యాన్ గొట్టం అట్టిక్‌లోనే వదిలేసి ఉందేమో చూస్తారు. అలా వదిలేస్తే ఆ ఆవిరి చెక్కకు పట్టి బూజవుతుంది. తర్వాత ఎలక్ట్రికల్ ప్యానెల్ మూత విప్పుతారు. ఒకే బ్రేకర్ కింద రెండు వైర్లు బిగించారా, సన్నని వైరుకు పెద్ద బ్రేకర్ పెట్టారా, ఎక్కడైనా కాలిన మరక ఉందా అని చూస్తారు. 1965, 1973 మధ్య కట్టిన ఇళ్లలో అల్యూమినియం వైరింగ్, 1978 నుంచి 1995 దాకా కట్టినవాటిలో పాలీబ్యూటిలీన్ నీటి గొట్టాలు ఉండే అవకాశం ఉంది. మొదటిదానివల్ల కీళ్ల దగ్గర వేడి పుట్టి మంటలు రావచ్చు, రెండోవి చెప్పకుండా పగులుతాయి. వాటర్ హీటర్, ఫర్నేస్, ఏసీ యూనిట్ల మీది సీరియల్ నంబరును బట్టి వాటి వయసు చెబుతారు. కుళాయిలన్నీ తిప్పి, టబ్బులు నింపి, డిష్‌వాషర్ నడిపి కింద తడి వస్తుందేమో చూస్తారు.

పొయ్యి మీది ఎగ్జాస్ట్ బయటికి పోతుందో, తిరిగి వంటింట్లోకే వదులుతుందో కూడా అడిగి తెలుసుకోవాలి. లోపలికే వదిలేది కోడ్ ప్రకారం లోపం కాకపోవచ్చు. రోజూ తాలింపులు, వేపుళ్లు చేసే ఇంటికి అది పెద్ద విషయమే.

మామూలు ఇంటికి ఈ పనంతా రెండున్నర నుంచి నాలుగు గంటలు పడుతుంది. ఫీజు ఊరిని, ఇంటి సైజును బట్టి సాధారణంగా 400 నుంచి 600 డాలర్ల మధ్య ఉంటుంది. ఆ సమయంలో మీరు అక్కడ ఉండటం చాలా ముఖ్యం. మెయిన్ వాటర్ వాల్వ్ ఎక్కడుందో, ఏ లోపం ప్రమాదకరమో, ఏది ఇరవై డాలర్ల రిపేరో ఎదుట నిలబడి అడిగితే తెలిసినంతగా అరవై పేజీల రిపోర్టు చదివితే తెలియదు. అప్రైజల్ అయింది కదా, అదే ఇన్‌స్పెక్షన్ అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ పొరపాటు ఎంత సాధారణమంటే, ఎఫ్‌హెచ్‌ఏ లోన్ తీసుకునేవారి చేతికి అప్రైజల్ వేరు, ఇన్‌స్పెక్షన్ వేరు, మీ రక్షణ కోసం విడిగా చేయించుకోండి అని చెప్పే కాగితాన్ని ఫెడరల్ ప్రభుత్వమే ఇప్పిస్తుంది.

కంటికి కనిపించనివి, ఊరిని బట్టి మారేవి

ఇన్‌స్పెక్షన్ హద్దులు తెలియకపోతే దాని మీద లేనిపోని భరోసా పెట్టుకుంటాం. ఇది కంటితో చూసే పరీక్ష. గోడ పగలగొట్టరు, కార్పెట్ ఎత్తరు, సామాను జరపరు. భూమిలోని మురుగు గొట్టం, సెప్టిక్ ట్యాంక్, బావి నీరు, చెదలు, రాడాన్, బూజు పరీక్షలు మామూలు ఫీజులో ఉండవు. అవసరమైనవి విడిగా అడిగి చేయించుకోవాలి. ఏవి అవసరమన్నది ఊరిని బట్టి ఉంటుంది.

ఉత్తర టెక్సాస్‌లో నేల బంకమట్టి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ ప్రాంతాల్లో ఇళ్లు స్లాబ్ పునాది మీద నిలుస్తాయి. అందుకే వేసవిలో పునాది చుట్టూ సోకర్ హోస్ పెట్టి తడుపుతారు. అక్కడ గదుల మధ్య నేల ఎత్తుల తేడా కొలిపించడం, అనుమానం ఉంటే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించడం దండగ ఖర్చు కాదు. న్యూజెర్సీలో పాత ఇళ్ల పెరట్లో పాతిపెట్టిన ఆయిల్ ట్యాంకులు ఉంటాయి. అది కారి మట్టి పాడైతే శుభ్రం చేయించే బాధ్యత ఇంటి యజమానిదే, ఖర్చు పదివేల డాలర్లు దాటి పోవచ్చు. ట్యాంక్ స్వీప్ అనే చిన్న పరీక్షతో అది ముందే బయటపడుతుంది. ఫ్లోరిడాలో పాత ఇంటికి ఇన్సూరెన్స్ కంపెనీలే పైకప్పు, కరెంటు, ప్లంబింగ్, ఏసీల మీద విడిగా ఫోర్-పాయింట్ రిపోర్టు అడుగుతాయి. 1978కి ముందు కట్టిన ఇల్లయితే, సీసం కలిసిన పెయింట్ గురించి అమ్మేవారు తెలిసినంత చెప్పాలనీ, పరీక్షకు కొనేవారికి 10 రోజుల గడువు ఇవ్వాలనీ ఫెడరల్ చట్టం చెబుతుంది.

బేస్‌మెంట్ ఉన్న ప్రాంతాల్లో రాడాన్ సంగతి మరవకూడదు. 1984లో పెన్సిల్వేనియాలోని లిమరిక్ అణు విద్యుత్ కేంద్రంలో స్టాన్లీ వాట్రాస్ అనే ఇంజనీరు పనికి వస్తుంటే రేడియేషన్ అలారం మోగింది. ఆ కేంద్రం అప్పటికింకా కరెంటు ఉత్పత్తే మొదలుపెట్టలేదు. ఆరా తీస్తే రేడియేషన్ ఆయన ఇంట్లోంచే వస్తోందని తేలింది. నేలలోంచి ఇంట్లోకి చేరిన రాడాన్ వాయువు అది. ఇంట్లో లీటరుకు 4 పికోక్యూరీలు, అంతకు మించి ఉంటే చర్య తీసుకోవాలని పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతోంది. అమెరికాలో ఏటా సుమారు 21,000 ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలకు రాడాన్ కారణమని దాని అంచనా. వాసన, రంగు లేని ఈ వాయువును పట్టే పరీక్ష కిటికీలు మూసి ఉంచి 48 గంటలు చేస్తే చాలు. ఎక్కువ ఉందని తేలినా గొట్టం, ఫ్యాన్ పెట్టి బయటికి పంపే ఏర్పాటు ఉంది కాబట్టి ఇల్లు వదులుకోనక్కర్లేదు.

కనెక్టికట్ అనుభవం ఇంకో పాఠం నేర్పింది. ఆ రాష్ట్రం ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో 1983, 2015 మధ్య కట్టిన వేల ఇళ్ల పునాది కాంక్రీటులో పిరోటైట్ అనే ఖనిజం కలిసిన రాయి పడింది. నీరు, గాలి తగిలి ఆ ఖనిజం ఉబ్బడంతో పునాదులు ఏళ్ల తరబడి మెల్లగా చిట్లుతూ వచ్చాయి. మన భారతీయ కుటుంబాలు ఎక్కువగా ఉండే సౌత్ విండ్సర్ ఈ బాధిత ఊళ్లలో ఒకటి. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ చాలామందికి అక్కరకు రాలేదు. పునాది మార్చాలంటే లక్షన్నర డాలర్లు, అంతకు పైన కూడా. చివరికి రాష్ట్రమే నిధి పెట్టి ప్రత్యేక సంస్థ ద్వారా సాయం మొదలుపెట్టింది. ఆ ప్రాంతంలో ఇల్లు కొనేవారికి మామూలు ఇన్‌స్పెక్షన్ సరిపోదు. కాంక్రీటు ముక్క తొలిచి ల్యాబుకు పంపితేనే నిజం తెలుస్తుంది. కొనే ఊరి జబ్బు ఏమిటో ముందు తెలుసుకుని దానికి తగిన పరీక్ష అడగాలి.

కొత్త ఇల్లు, కౌంటీ ఇన్‌స్పెక్టర్, వారంటీ

మనవాళ్లలో చాలామంది కొత్త కమ్యూనిటీల్లో బిల్డరు దగ్గరే కొంటారు. కొత్త ఇల్లే కదా, సిటీ వాళ్లు దశ దశకూ చూస్తారు కదా అన్నది వారి ధైర్యం. సిటీ, కౌంటీ ఇన్‌స్పెక్టర్లు చూసేది కనీస కోడ్ పాటించారా లేదా అని మాత్రమే. ఒక్కరోజులో ఎన్నో ఇళ్లు తిరుగుతారు, అట్టిక్ మూలలకు పాకి వెళ్లే తీరిక వారికి ఉండదు. వారు మీ తరఫు మనుషులూ కారు.

కొత్త ఇంటికి ఇన్‌స్పెక్షన్ మూడుసార్లు చేయించుకుంటే మంచిది. మొదటిది డ్రైవాల్ వేయకముందు. చెక్క ఫ్రేము, వైర్లు, గొట్టాలు కళ్లెదుట ఉండేది అప్పుడే. డక్టు కోసం సగానికి కోసేసిన జాయిస్టు, కిటికీ చుట్టూ అతికించని టేపు, మేకు గుచ్చుకున్న వైరు ఆ రోజున అరగంట పనితో సరిపోతాయి. డ్రైవాల్ పడ్డాక అవే ఏళ్ల తర్వాత గోడ తడిసినప్పుడు బయటపడతాయి. రెండోది తాళాలు తీసుకునే ముందు. మూడోది 11వ నెలలో, ఏడాది వారంటీ ముగిసేలోగా. మొదటి ఏడాది ఇల్లు సర్దుకుంటూ వచ్చిన పగుళ్లు, చల్లబడని పై గది, కారే షవరు అన్నీ ఒకే రిపోర్టులో పెట్టి బిల్డరుకు లిఖితపూర్వకంగా ఇస్తే వాళ్ల ఖర్చుతోనే సరిచేయించుకోవచ్చు. గృహప్రవేశం ముహూర్తం కోసం రెండో తనిఖీని వదిలేసేవారున్నారు. బిల్డరుతో కాంట్రాక్టు చేసుకునే రోజునే ఈ మూడు తేదీలూ పంచాంగంలో రాసిపెట్టుకుంటే ఆ ఇబ్బంది రాదు.

వారంటీ కాలం గురించి టెక్సాస్‌లో ఒక మార్పు జరిగింది. కట్టడ లోపాల మీద బిల్డరుపై దావా వేయడానికి గరిష్ఠ గడువు అక్కడ 10 ఏళ్లు ఉండేది. 2023లో వచ్చిన చట్టం ప్రకారం, పనితనానికి ఏడాది, ప్లంబింగ్, కరెంటు, ఏసీలకు రెండేళ్లు, స్ట్రక్చర్‌కు ఆరేళ్లు లిఖిత వారంటీ ఇచ్చిన బిల్డరుకు ఆ గడువు 6 ఏళ్లకు తగ్గుతుంది. మన దేశంలో 2016 నాటి రెరా చట్టం అప్పగించిన నాటి నుంచి ఐదేళ్ల దాకా కట్టడ లోపాలకు బిల్డరును బాధ్యుణ్ని చేసింది. రెండుచోట్లా గడువు తెలిసి, లోపాన్ని రాతపూర్వకంగా చెప్పినవారికే హక్కు దక్కుతుంది.

వదులుకోమంటున్న మార్కెట్

2020, 2021లో వడ్డీ రేట్లు తగ్గి ఇళ్లకు పోటీ పెరిగినప్పుడు, ఇన్‌స్పెక్షన్ షరతు వదులుకుంటే తప్ప ఆఫర్ గెలవదన్న మాట ఏజెంట్ల నోట బాగా వినిపించింది. బే ఏరియాలో ఆ పద్ధతి అంతకు ముందు నుంచే ఉంది. ఫ్రీమాంట్, సన్నీవేల్ వంటి ఊళ్లలో అమ్మేవారే ఇల్లు, చెదలు, పైకప్పుల రిపోర్టులు ముందే తెప్పించి డిస్‌క్లోజర్ ప్యాకెట్‌లో పెడతారు, కొనేవారు వాటిని నమ్మి షరతుల్లేని ఆఫర్ ఇస్తారు. ఏ రిపోర్టూ లేకపోవడం కంటే ఇది నయమే. అయితే ఆ రిపోర్టు అమ్మేవారి కోసం రాసింది. ఇతరులు దీనిపై ఆధారపడరాదని చాలా ఇన్‌స్పెక్షన్ ఒప్పందాల్లో ఉంటుంది. ఆ ఇన్‌స్పెక్టర్‌కే కొంత ఫీజిచ్చి మీ పేరున సంప్రదింపు చేసుకోవడమో, ఆఫర్‌కు ముందే మీ మనిషిని గంటసేపు తీసుకెళ్లడమో ఉత్తమం.

ఆఫర్‌కు ముందు చేసే ఆ చిన్న తనిఖీతో పునాది, పైకప్పు, ప్యానెల్, ఏసీల పరిస్థితి స్థూలంగా తెలుస్తుంది. ఇంకో దారి, రిపేర్లు అడగను, పెద్ద లోపం ఉంటే మాత్రం వెనక్కి తగ్గే హక్కు ఉంచుకుంటానని ఆఫర్‌లో రాయడం. టెక్సాస్‌లో ఆప్షన్ పీరియడ్ ఇలాంటి రక్షణే. కొద్దిపాటి ఆప్షన్ ఫీజు కట్టి, ఒప్పుకున్న రోజుల్లో ఏ కారణం చెప్పకుండానే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. ఆ రోజులు గడిచాక రిపోర్టులో ఏమున్నా లాభం లేదు కాబట్టి, ఆఫర్ ఒప్పుకున్న పూటే ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేయాలి.

మాసచూసెట్స్ ఇంకో అడుగు ముందుకేసింది. 2024 నాటి చట్టం కింద వచ్చిన నిబంధనలు 2025 అక్టోబరు 15 నుంచి అమలయ్యాయి. ఇన్‌స్పెక్షన్ వదులుకుంటేనే అమ్ముతామని అమ్మేవారు షరతు పెట్టకూడదు. కొనేవారు వదులుకుంటున్నట్టు ముందే చెబితే ఆ ఆఫర్‌ను ఒప్పుకోకూడదు. వేలం, కుటుంబ సభ్యుల మధ్య అమ్మకం వంటి కొన్నిటికి మినహాయింపులున్నాయి. కొనేవారు తనిఖీ చేయించి తీరాలని నిర్బంధమేమీ లేదు. ఇళ్ల కొరత ఉన్నచోట ఇది అమ్మకాలను ఆలస్యం చేస్తుందని అభ్యంతరం చెప్పేవారున్నారు. నా అభిప్రాయం మాత్రం స్పష్టం. ఏడెనిమిది లక్షల డాలర్ల వస్తువును చూడకుండా కొనమనే పోటీలో నిజాయితీపరుడైన కొనుగోలుదారుకు రక్షణ లేదు. అందరికీ ఒకే నియమం ఉంటేనే ఎవరూ తొందరపాటుకు బలికారు. మిగతా రాష్ట్రాలూ ఈ దారిలో నడవాలి.

ఇన్‌స్పెక్టర్ ఎవరి మనిషి

స్వతంత్రతకు మొదటి గండి ఏజెంటు సిఫార్సు. నెలకు పది ఇళ్లు పంపే ఏజెంటును నొప్పించకూడదన్న మొహమాటం ఇన్‌స్పెక్టర్‌కు కలగడం సహజం. బేరాలు చెడగొడతాడన్న పేరు వస్తే పని తగ్గుతుంది. అందుకే మాసచూసెట్స్ చాలా కాలంగా అమ్మేవారి తరఫు ఏజెంట్లు ఫలానా ఇన్‌స్పెక్టర్‌ను సూచించడాన్ని నిషేధించింది. మిగతాచోట్ల ఆ జాగ్రత్త మీరే తీసుకోవాలి. తెలిసిన ఏజెంటు, మన తెలుగాయనే, కాదంటే బాగుండదన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు. రెండు మూడు పేర్లు మీరే వెతికి, వారి పాత రిపోర్టు నమూనా అడిగి చూసి ఎంచుకోండి.

లైసెన్స్ సంగతి రాష్ట్రానికో తీరు. టెక్సాస్‌లో రియల్ ఎస్టేట్ కమిషన్ లైసెన్స్ తప్పనిసరి. నిర్ణీత ఫారంలోనే రిపోర్టు రాయాలి, ప్రతి అంశం ఎదుటా చూశాను, చూడలేదు, లేదు, లోపం ఉంది అన్న నాలుగు గడులు ఉంటాయి. కాలిఫోర్నియా, జార్జియాల్లో రాష్ట్ర లైసెన్స్ లేదు. అక్కడ ఆషీ, ఇంటర్నాచీ వంటి సంఘాల సభ్యత్వం, అనుభవం, ఇన్సూరెన్స్ చూసి నిర్ణయించుకోవాలి.

ఒప్పందంలో బాధ్యత పరిమితిని తప్పక చదవాలి. తప్పు జరిగితే మీరిచ్చిన ఫీజు వరకే బాధ్యత అని చాలామంది రాస్తారు. న్యూజెర్సీలో ఒక జంట 385 డాలర్లు కట్టి తనిఖీ చేయించుకుంది, ఒప్పందంలో బాధ్యత 192 డాలర్ల 50 సెంట్లకే పరిమితమైంది. కొన్నాక పైకప్పు కారింది. అలాంటి షరతు చెల్లదని, వృత్తి నిపుణుడు తన తప్పు నుంచి ఇంత తేలిగ్గా తప్పించుకోరాదని 2004లో ఆ రాష్ట్ర అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. అక్కడ ఇన్‌స్పెక్టర్లకు కనీసం 5 లక్షల డాలర్ల బాధ్యతా బీమా ఉండాలన్న నిబంధనా ఉంది. అన్ని రాష్ట్రాల కోర్టులూ ఇలాగే చూడవు, కాబట్టి సంతకానికి ముందే చదువుకోవాలి.

అమ్మేవారికి

అమ్మేవారు ఇన్‌స్పెక్షన్‌ను శత్రువులా చూడనక్కర్లేదు. లిస్టింగ్‌కు ముందే తనిఖీ చేయించుకుంటే, కొనేవారి రిపోర్టు వచ్చాక కంగారులో ఒప్పుకునే రాయితీ కంటే తక్కువ ఖర్చుతో రిపేర్లు పూర్తవుతాయి. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. ఒకసారి తెలిసిన లోపాన్ని తెలియనట్టు ఉండటం కుదరదు, బాగుచేయించాలి లేదా చెప్పాలి.

మన ఇళ్లలో తరచు ఇబ్బంది తెచ్చేది పర్మిట్ లేకుండా ఫినిష్ చేసిన బేస్‌మెంట్. హోమ్ థియేటర్, తల్లిదండ్రుల కోసం గది, పూజగది అన్నీ అక్కడే వస్తాయి. ప్రమాదంలో బయటపడే కిటికీ లేని గదిని బెడ్‌రూమ్ అని లిస్టింగ్‌లో రాయకూడదు. అమ్మకానికి ముందే సిటీ ఆఫీసుకు వెళ్లి పర్మిట్ క్రమబద్ధం చేయించుకోవడం, ఫర్నేస్ సర్వీసు, పైకప్పు రిపేరు రసీదులు ఒక ఫైల్లో పెట్టుకోవడం మంచిది. న్యూజెర్సీలో అమ్మేటప్పుడు పొగ అలారాలు, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు, మంటలార్పే పరికరం ఉన్నట్టు సర్టిఫికెట్ కూడా కావాలి.

రిపోర్టు చేతికొచ్చాక

ఇన్‌స్పెక్షన్‌లో పాస్, ఫెయిల్ ఉండవు. ఏ ఇంటికైనా లోపాల జాబితా పొడుగ్గానే వస్తుంది. దాన్ని మూడు వరసలుగా విడదీయండి: ప్రాణానికి ముప్పు తెచ్చేవి, పెద్ద ఖర్చు తెచ్చేవి, తీరిగ్గా చేసుకునేవి. మొదటి రెండింటి గురించే అమ్మేవారితో మాట్లాడండి. వదులైన తలుపు పిడి, గీత పడ్డ గోడ కోసం బేరమాడితే అసలు విషయం మరుగున పడుతుంది. రిపేరు చేయించి ఇస్తామంటే తక్కువ ధర మనిషితో పైపూత పని జరిగే ప్రమాదం ఉంది. వీలైతే ఆ డబ్బును క్లోజింగ్‌లో క్రెడిట్‌గా తీసుకుని, మీకు నచ్చిన కాంట్రాక్టరుతో చేయించుకోండి. పునాది, పైకప్పు వంటివైతే సంతకానికి ముందే ఆ పని నిపుణుడితో ఎస్టిమేట్ తెప్పించుకోండి.

మనవాళ్లకు నా విన్నపం ఇది. ఇల్లు చూసిన రోజే సొంత ఇన్‌స్పెక్టర్ పేరు ఫోన్లో ఉండాలి. కొత్త ఇల్లైనా, పాత ఇల్లైనా, పోటీ ఎంత ఉన్నా ఏదో ఒక రూపంలో తనిఖీ జరగాలి. ఆ రోజు సెలవు పెట్టి అక్కడే నిలబడాలి. ముప్పై ఏళ్లు వాయిదాలు కట్టబోయే ఇంటికి ఒక పూట, ఐదారు వందల డాలర్లు ఎక్కువేమీ కాదు. ఆ పరీక్షకు ఒప్పుకోని ఇల్లు ఎంత నచ్చినా వదిలేయండి.